గొంతు లేని ముచ్చట

వేముల అంబదాసుకు అరవై తొమ్మిదేళ్ళలో చాలా పేర్లు వచ్చాయి. మరమగ్గాలు బాగుచేస్తాడు కాబట్టి సాంచెల డాక్టరన్నారు, కోపిష్టి అన్నారు, చాయ్ పిచ్చోడన్నారు. పెళ్ళాంతో మాట్లాడని మొగుడని మాత్రం ఏనాడూ ఎవరూ అనలేదు. ఆ మాట ఇవాళ ఒక మిషను అంది.

హైదరాబాదులో చెవుల మీద పరిశోధన చేసే ల్యాబు అది. డాక్టర్ మెహజబీన్ తెర మీద, అంబదాసు పెళ్ళాం సుగుణ చెవిన ఇరవై రోజుల్లో పడిన మాటల లెక్క చూపించింది. కోడలు లావణ్య గొంతు, రోజుకు ఆరు వందల మాటలు. కొడుకు రవీందర్ గొంతు, మూడు వందలు. టీవీ సంగతి చెప్పనే అక్కర్లేదు. భర్త అంబదాసు గొంతు, సున్నా.

"ఒక్క మాట కూడా లేదు సార్," అంది మెహజబీన్ మాస్కు వెనక నుంచి. ఆమెది హనుమకొండ. మర్యాదగానే అంది కానీ, ఆ మర్యాదలో చిన్న ముల్లు ఉంది. "మందు పనిచేయాలంటే మీరు ఆమెతో మాట్లాడాలని మొదటిరోజే చెప్పాను కదా."

అంబదాసు ముఖం కందగడ్డలా అయింది.

"మీ మిషను ఖరాబైంది డాక్టరమ్మా! నేను దినాం దాంతోనే ముచ్చట పెడ్త. పొద్దుగాల చాయ్ కాడ మొదలైతే పండుకునేదాంక నా నోరు మూతపడది. కావాల్నంటే మా కోడలినడుగు."

"నిజమే మేడం," అంది లావణ్య. "మామ ఊకుండడు. ఇద్దరు ఒక్కతీర్గ ముచ్చట్లే. మాకు నడుమ దూరే సందు దొర్కది."

పక్క కుర్చీలో సుగుణ కూర్చుని ఉంది. ఆమె కుడిచెవి వెనక చొక్కా గుండీ అంత, మాటలు లెక్కపెట్టే మిషను అంటించి ఉంది. గొడవ తన గురించేనని తెలుస్తోంది గానీ ఏమిటో తెలియక, మెహజబీన్ కళ్ళ వంక చూసి నవ్వింది. ఈ మధ్య ఆమె అన్నిటికీ నవ్వుతోంది. అంబదాసును భయపెట్టింది కూడా ఆ నవ్వే.

సిరిసిల్ల కార్ఖానాలో ముప్పై రెండేళ్ళు నూలు కండెలు చుట్టిన మనిషి సుగుణ. చుట్టూ నలభై సాంచెలు. చెవి లోపల పచ్చికలాంటి సన్నని నూగు ఉంటుందట. సాంచెల మోత ఆ పచ్చికను తొక్కి తొక్కి నేలమట్టం చేసింది. ఆ నూగును మళ్ళీ మొలిపించే మందు మెహజబీన్ కనిపెట్టింది. దాని పేరు చిగురు. ఒక్కటే చిక్కు. మొలిచిన నూగు, ఆ మనిషికి బాగా తెలిసిన గొంతులు వింటేనే నిలుస్తుంది. వినకపోతే మూడు నెలల్లో వాడిపోతుంది, ఇక జన్మలో మొలవదు.

అరవయ్యో రోజున రెండో సూది వేయాలి. దానికి ముందు మతి పరీక్ష ఉంటుంది. ముప్పైకి పదిహేను దాటితేనే సూది. అలిసిపోయిన మెదడు మీద లోకంలోని చప్పుళ్ళన్నీ ఒక్కసారి పడితే తట్టుకోలేదని, అంతకుముందు ఇద్దరు ముసలివాళ్ళు మంచం పట్టాక ఆ ల్యాబుకు తెలిసింది. సుగుణకు మొదటి పరీక్షలో పదిహేడు వచ్చాయి. వినికిడి పోయినవాళ్ళకు మతి కూడా మెల్లగా పోతుందని ఊళ్ళో డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆ మార్కుల కాగితం చూసిన దగ్గర్నుంచి, సుగుణ ఉల్లిగడ్డల బుట్ట ఎక్కడ పెట్టానా అని వెతికినా అంబదాసు గుండె గుభేలుమనేది.

"నువ్వే మా ఇంటికి రా డాక్టరమ్మా," అన్నాడు అంబదాసు లేచి నిలబడి. "ఒక్క పూట కూసో. నేను మాట్లాడుతున్ననో లేదో నీ కండ్లతోని నువ్వే జూడు."

ఆదివారం పొద్దున్నే మెహజబీన్ సిరిసిల్ల వచ్చింది. లావణ్య చాయ్ ఇచ్చి, వాకిట్లో కుర్చీ వేసింది. ఎదురుగా అరుగు మీద మొగుడూ పెళ్ళాలు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. వాకిలి ప్రశాంతంగా ఉంది. పావుగంట గడిచింది. అంబదాసు గొంతు పెగలలేదు. మెహజబీన్‌కు ముసలాయన మీద జాలి వేసింది. ఇంత పంతం పట్టి పిలిచి, తీరా ఇప్పుడు మాట్లాడటానికి మాటే దొరకలేదు పాపం!

"మీ మామయ్య ఏం నములుతున్నారు, వక్కలా?" అని లావణ్యను అడిగింది.

"నములుడేంది మేడం! కొట్లాడుతున్నరు."

మెహజబీన్ అప్పుడు సరిగ్గా చూసింది. అంబదాసు పెదవులు కదులుతున్నాయి. కనుబొమలు లేస్తున్నాయి. సుగుణ చిక్కుడుకాయ పట్టుకున్న చేత్తోనే ఏదో గీత గీసి, పెదవులు బిగించి, తల అడ్డంగా ఊపింది. అంబదాసు రెండు వేళ్ళు చూపించాడు. సుగుణ నుదురు కొట్టుకుంది. ఇంత భాగోతం జరుగుతున్నా చిక్కుడుకాయ విరిగిన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"పెద్దనాన్నా, ఇప్పుడు మీరేమన్నారు?" అని అడిగింది మెహజబీన్.

అంబదాసు ఆమె వైపు తిరిగి, రెండు వీధుల అవతలికి వినిపించేట్టు అరిచాడు. "దీని తమ్ముని బిడ్డ పెండ్లిల మనం పెట్టిన చీర నీలిదంటున్న! ఇది ఆకుపచ్చదంటది! మొండి ఘటం!"

"అదే మాట ఆమెతో అనండి."

అంబదాసు సుగుణ వైపు తిరిగాడు. పెదవులు కదిలాయి. అంతే.

మెహజబీన్ లేచి వెళ్ళి ఆయన చేతిని తీసుకుని ఆయన గొంతు మీదే పెట్టింది. "ఇప్పుడు నాతో మాట్లాడండి." గొంతు అదిరింది. "ఆమెతో మాట్లాడండి." అదరలేదు. అంబదాసు మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదరలేదు.

కార్ఖానాలో గొంతు చించుకుంటే గొంతే పోతుంది, మాట అవతలికి చేరదు. అందుకని అక్కడ అందరూ పెదవులతో, కళ్ళతో, వేళ్ళతో మాట్లాడుకుంటారు. అంబదాసు సాంచెలు బాగుచేసే పనికి వచ్చింది పందొమ్మిదో ఏట. కండెల దగ్గర కూర్చున్న పదిహేడేళ్ళ సుగుణను నలభై సాంచెల అవతలి నుంచి పలకరించింది ఆ మరుసటి ఏడే. చూసేవాళ్ళు చాలామంది ఉండటంతో, పెదవులు కనీకనిపించనంత కొద్దిగా కదపడం ఇద్దరూ నేర్చుకున్నారు. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో గొంతుతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఆమె చెవులు మూసుకుపోతున్న కొద్దీ ఆయన గొంతు ఆమె దగ్గర తగ్గుతూ వచ్చి, ముప్పై ఏళ్ళ కింద ఎప్పుడో పూర్తిగా ఆగిపోయింది. ఆగిన సంగతి ఆయనకే తెలియదు. ఊరందరి దగ్గరా అరిచి మాట్లాడేవాడు కాబట్టి తన గొంతు ఎప్పుడూ ఉందనే అనుకున్నాడు.

మెహజబీన్ నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మిమ్మల్ని అనుమానించాను పెద్దనాన్నా, తప్పయింది. మీ అంత మాట్లాడుకునే మొగుడూ పెళ్ళాల్ని నేను చూడలేదు."

తప్పు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అంత చదువుకున్న మనిషి కదా, ఇంకొకటి చేసింది. కళ్ళతో వింటూ ఉంటే చెవికి పని తగ్గి సోమరిపోతు అవుతుందని లెక్క కట్టి, ఆ రోజు నుంచి సుగుణకు ఎవరి పెదవులూ కనబడకూడదని నియమం పెట్టింది. ముఖానికి మాస్కు ఉండాలి, లేదా వెనక నుంచి మాట్లాడాలి.

అంబదాసు ముఖానికి తువ్వాల చుట్టుకున్నాడు. ఎదురింటివాళ్ళు ఎక్కడ కన్నం వేయబోతున్నావని అడిగారు. పెళ్ళాం వెనక నిలబడి ఏం మాట్లాడాలో ఆయనకు తోచలేదు. మొదటిరోజు చెవి వెనక గుండీ మిషను ముప్పై ఏడు మాటలు చూపించింది. రెండోరోజు పేపరు చదివాడు. మూడోరోజు బస్సుల టైములు చదివాడు. జగిత్యాల బస్సు ఎన్నింటికో, వేములవాడ బస్సు ఎన్నింటికో ఆమె వీపుకు చెప్పాడు. పదిరోజులయ్యేసరికి లెక్క నాలుగు వేలు దాటింది. ల్యాబులో అందరూ సంబరపడ్డారు.

సుగుణ సంబరపడలేదు. మొదట్లో ఆమె చటుక్కున వెనక్కి తిరిగేది, ఆయన గబుక్కున పక్కకు తిరిగేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. వారం గడిచాక ఆమె నవ్వడం మానేసింది. ఇంకో వారానికి వెనక్కి తిరగడమే మానేసింది. చెవిలో ఏదో గుయ్యిమని మోగుతోంది, అది మాటో మోతో తెలియదు. ఇంట్లో తనతో మాట్లాడే ఒక్క ముఖానికీ తువ్వాల కప్పేశారు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. లావణ్యను తన చెల్లెలి పేరుతో పిలిచింది. మధ్యాహ్నాలు గోడ వైపు తిరిగి కూర్చునేది.

అంబదాసు మెహజబీన్‌కు ఫోను చేశాడు. "బిడ్డా, లెక్క పెరుగుతుంది, మనిషి తరుగుతుంది. నాకు మంచిగనిపిస్తలేదు."

"ఇప్పుడు ఆపితే మొలిచింది కూడా పోతుంది పెద్దనాన్నా. అరవయ్యో రోజు దాకా ఓపిక పట్టండి."

ఓపిక పట్టాడు. ఆ నెల ఆయన జీవితంలో అన్నిటికన్నా కష్టమైన నెల. పెళ్ళాం చేతికి అందేంత దగ్గర్లో ఉంది, ఒక్క మాట అడగడానికి లేదు. కార్ఖానాలో అంత మోతలోనూ వాళ్ళు ఇంత దూరమవలేదు.

అరవయ్యో రోజు వచ్చింది. సుగుణను అద్దాల గదిలో కూర్చోబెట్టారు. లోపలి గాలిమోత కూడా బయటికి రానంత మందపాటి అద్దం. లోపల మాస్కు పెట్టుకున్న ఒక అమ్మాయి ప్రశ్నలు అడుగుతోంది. అవి సుగుణ చెవుల మీది హెడ్‌ఫోన్‌లోంచి, బయటి స్పీకరులోంచి వస్తున్నాయి. బయట అంబదాసు, మెహజబీన్ పక్కపక్కనే నిలబడ్డారు.

"ఇవాళ ఏం వారం?" సుగుణ నవ్వింది. "ఈ అయిదు మాటలు గుర్తుపెట్టుకోండి." సుగుణ తల ఊపింది. "ఇప్పుడు చెప్పండి." సుగుణ మళ్ళీ నవ్వింది. సగం పరీక్ష అయ్యేసరికి నాలుగు మార్కులు వచ్చాయి. మెహజబీన్ కలం మూత పెట్టింది.

"సూది వేయలేం పెద్దనాన్నా," అంది మెల్లగా. "ఆమె మెదడు మోయలేదు."

నోట మాటతో అంబదాసుకు ఇక పని లేకపోయింది. ముఖం మీది తువ్వాల పీకి పారేసి, అద్దం మీద దబదబా కొట్టాడు. లోపల అదురు తెలిసి సుగుణ తల తిప్పింది. నెల రోజుల తర్వాత మొదటిసారి మొగుడి ముఖం చూసింది. ఆమె ముఖం చింతనిప్పులా వెలిగింది. వెంటనే ఆమె పెదవులు మొదలుపెట్టాయి, ఇక ఆగలేదు.

"ఏమంటోంది?" అంది మెహజబీన్.

"తిడుతుంది."

"ఏమని?"

"అవన్ని నీకెందుకు బిడ్డా."

ఆయన పెదవులు కదిపాడు. సుగుణ తిట్టడం ఆపి, శ్రద్ధగా చూసింది. తర్వాత లోపలి అమ్మాయి వైపు తిరిగి, గది దద్దరిల్లేట్టు పైకి చెప్పింది. "గొంగడి! రైలు! పసుపు! మేనత్త! చీపురు! గివేనా నువ్వడిగింది? గీ మాటకు మూతి మూసుకునుడెందుకమ్మా!"

మెహజబీన్ కలం మూత తీయడం మరిచిపోయింది. "మీరు అందించారా?"

"మాటలు నేనే అందించిన. అడుగుడు గూడ అందలేదు కదా దానికి! ముక్కు దాంక బట్ట కట్టుకున్నామె ఏమడుగుతుందో దానికేమెర్క? జవాబులు నేను చెప్తలేను. అనుమానముంటే నువ్వే పోయి అడుగు. మూతి మీది బట్ట తీసి అడుగు."

మెహజబీన్ లోపలికి వెళ్ళింది. మాస్కు తీసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, సుగుణ ఎదురుగా కూర్చుని, ప్రశ్నలన్నీ మార్చి మొదటి నుంచి అడిగింది. అంబదాసును గోడ వైపు తిరిగి నిలబడమన్నారు. ఆయన తిరిగి నిలబడి వేళ్ళు పిసుక్కున్నాడు.

ముప్పైకి ఇరవై ఏడు వచ్చాయి. పోయిన మూడు మార్కుల్లో రెండు తారీఖు దగ్గర పోయాయి. ఇంట్లో తారీఖు కోడలు చూసుకుంటుందని, తనకు దానితో పనిలేదని సుగుణ చెప్పింది. ఇంకొకటి, నూరులోంచి ఏడేడు తీసుకుంటూ పోవడం నడుమ ఆపేసినందుకు. ఎందుకు ఆపారని అడిగితే, ఎంతసేపు తీసినా నీ ముచ్చట ఒడువదు, తెగదు గదా బిడ్డా అంది.

మెహజబీన్ బయటికి వచ్చి బెంచీ మీద కూలబడింది. "మతి ఎక్కడికీ పోలేదు. మేమందరం మూతులు కప్పుకుని అడిగి, జవాబు రాలేదని మార్కులు కోశాం. పైగా నేను నెల రోజులు మీ ఇద్దరి మధ్యా గోడ కట్టాను. మాట అందకపోతే మనిషి వాడిపోతుందని పుస్తకాల్లో రాసేదాన్ని నేను. దగ్గరుండి వాడగొట్టింది కూడా నేనే."

అంబదాసుకు ఆమెను నాలుగు మాటలనాలని ఉంది. నెల రోజుల కడుపుమంట అది. కానీ ఆ అమ్మాయి కళ్ళు చూశాక మనసొప్పలేదు.

"లే బిడ్డా. పోయి సూది తీసుకరా."

ఆ సాయంత్రమే రెండో సూది పడింది. నియమం తలకిందులైంది. ఇప్పుడు పెదవులూ కనబడాలి, గొంతూ వినబడాలి, రెండూ ఒక్కసారే. కళ్ళకు తెలిసిన మాటను చెవికి పరిచయం చేయాలి.

ఆ తర్వాతి నెల ఆ ఇంట్లో పండగే. మొదట కుక్కరు కూత వినబడింది. సుగుణ ఉలిక్కిపడి, ఏదో దూరిందనుకుని చీపురు తీసింది. తర్వాత వానచుక్కలు రేకుల మీద పడటం వినబడింది. పని మానేసి గంటసేపు వాకిట్లో నిలబడింది. మూడోవారానికి లావణ్య గొణుగుడు వినబడింది. లావణ్యకు ఇరవయ్యేళ్ళుగా వంటింట్లో మనసులో మాట పైకి అనుకునే అలవాటు.

"ఏందే, నేను కూరల నూనె ఎక్కువేస్తనా?" అని వెనక నుంచి సుగుణ అడిగేసరికి ఆ పిల్ల చేతిలో గరిటె కిందపడింది. తర్వాత ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పట్నుంచి లావణ్య గొణగాల్సినవి పెరట్లోకి వెళ్ళి గొణుక్కుంటోంది.

సుగుణకు తలనొప్పులు వచ్చాయి. మిక్సీ పెడితే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తేది. అంబదాసు చాయ్ తాగే చప్పుడుకు దండం పెట్టి, "చాయ్ తాగుతున్నవా, బావిల నీళ్ళు తోడుతున్నవా?" అంది. ఆయన గొంతు మీద కూడా ఆమెకు ఫిర్యాదే. ఆమెకు యాదికున్నది పెళ్ళినాటి పిలగాడి గొంతు. "గీ ముసలి గొంతు ఎవ్వనిది? నా మొగనిది గిట్ల లేకుండె," అని రెండు రోజులు మూతి ముడిచింది. అంబదాసు అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుని, పడుచు గొంతు తెచ్చుకోబోయి దగ్గొచ్చి కూర్చున్నాడు.

తొంభయ్యో రోజు ఆఖరి పరీక్ష. గది నడుమ నల్లటి తెర కట్టారు. అవతల సుగుణ, ఇవతల అంబదాసు, తెర చివర ఇద్దరూ కనిపించేట్టు మెహజబీన్. ఈసారి పెదవుల సాయం లేదు. ఆయన ఒక్కో మాట అంటాడు, ఆమె దాన్ని తిరిగి చెప్పాలి. చెబితే నూగు వేరు పట్టినట్టు, బతికినంతకాలం ఉంటుంది. లేకపోతే ఈ నెల పండగ ఇక్కడితో సరి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"ఏదైనా అనండి పెద్దనాన్నా. మీకు తోచింది."

అంబదాసు చేతులు తొడల మీద తుడుచుకున్నాడు. "ఇయ్యాల హైదరబాదుల ఎండ మస్తుగుంది."

"ఇయ్యాల హైదరబాదుల ఎండ మస్తుగుంది," అంది తెర.

మెహజబీన్ గుర్తు పెట్టింది. రెండోది, మూడోది, పదోది. ఒక్కటీ తప్పలేదు. అంబదాసుకు ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చేసరికి గొప్పలు చెప్పుకోవాలనిపించింది. మగవాడు కదా.

"మతి పోతదని డాక్టర్లు జెప్పినప్పుడు గూడ నేను భయపడలే, బుగులు పడలే."

తెర పలకలేదు.

మెహజబీన్ కలం ఆగింది. అంబదాసు తెర దగ్గరికి జరిగాడు. వినబడలేదా? పోయిందా? మళ్ళీ అన్నాడు, ఇంకొంచెం గట్టిగా. "నేను బుగులు పడలే అంటున్న!"

"ఇన్న," అంది సుగుణ అవతల నుంచి. "రెండుసార్లు ఇన్న. అబద్ధమది."

"అబద్ధమెందుకు చెప్త?"

"నీ గొంతు వణుకుతుందయ్యా. ముప్పై ఏండ్లు నీ పెదవులు జూసి నువ్వన్నదల్లా నమ్మిన. గొంతు వణుకుడు పెదవుల మీద ఏడ కనబడ్తది?"

అంబదాసు మెహజబీన్ వైపు చూశాడు. ఆమె కాగితంలోకి తల వంచుకుంది. ఆయన ఇక తెరకే చెప్పాడు.

"బుగులు పడ్డ. మస్తు బుగులు పడ్డ. నన్ను గుర్తుపట్టకుండ పోతవనుకున్న."

పరీక్ష నియమం ప్రకారం, తెర అవతలి గొంతు ఒక్క మాట పొల్లుపోకుండా మెల్లగా తిరిగి చెప్పింది. "బుగులు పడ్డ. మస్తు బుగులు పడ్డ. నన్ను గుర్తుపట్టకుండ పోతవనుకున్న."

ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, "నేను గూడ," అంటూ తెర పక్కకు లాగేసింది.